కదలడానికి చోటు వదిలిన వంతెన

ఆ రివెట్టు తల నా బొటనవేలి గోరు కంటే పెద్దది. ఎండకి వెచ్చబడి ఉంది. నూరేళ్ళకి పైగా పొర మీద పొరగా పూసిన రంగు దాని అంచుల్ని మెత్తబరిచింది. బావగారు నా చూపుడువేలు తీసుకుని దానికి ఒక పక్కన ఆనించారు. రెండో పక్కన జేబులోంచి తీసిన నాణెంతో టక్కున కొట్టారు.

"వేలికి ఏమైనా తెలిసిందా?"

"ఏమీ తెలియలేదు బావగారూ."

"అయితే బిగువుగా ఉన్నట్టే. వదులైన రివెట్టు అయితే వేలి కింద జిల్లుమంటుంది. కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది."

ముప్ఫై ఏళ్ళు ఇనప పనిలో గడిపిన మనిషి ఆయన. అక్కయ్యా ఆయనా మలేషియాలోని ఇపో ఊళ్ళో స్థిరపడి చాలా కాలమైంది. నేను వెళ్ళిన మూడో రోజున, సున్నపురాతి కొండల్లోని గుహాలయాలు చూశాక, "నీకు గోదావరి బ్రిడ్జి పిచ్చి కదా, దాని ఈడుది ఇక్కడ ఒకటి ఉంది, పద" అని బయల్దేరదీశారు. ఉత్తరంగా సుంగై సిపుట్ మీదుగా వెళ్తే గంట లోపే కరై అనే ఊరు వస్తుంది. తమిళంలో కరై అంటే ఒడ్డు. ఆ ఒడ్డున పెరాక్ నది మీద ఉన్నదే విక్టోరియా వంతెన.

ఈడుది అని బావగారు ఊరికే అనలేదు. దీని పని 1897 డిసెంబరులో మొదలై 1900 మార్చిలో ముగిసింది. రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన కూడా 1897లోనే మొదలై 1900 ఆగస్టులో రైళ్ళకి తెరుచుకుంది. బంగాళాఖాతానికి అటూ ఇటూ, ఒకే మూడేళ్ళలో, రెండు పెద్ద నదుల మీద రివెట్టు పక్కన రివెట్టు పడుతూ వచ్చాయి. ఒకే ఈడు అన్నదమ్ముల్లాంటివి. రైళ్ళకి సెలవు చెప్పింది కూడా దగ్గర దగ్గరలోనే. గోదావరి మీదది 1997లో, పెరాక్ మీదది 2002లో. గోదావరి పాత వంతెన మీద రైల్లో వెళ్తూ అమ్మ చేతికిచ్చిన పది పైసల బిళ్ళ కిటికీ ఊచల మధ్య నుంచి నీళ్ళలోకి విసిరిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ గర్డర్లు కళ్ళ ముందు నుంచి గబగబా వెనక్కి పోవడమే తప్ప, ఒక్కటీ నిలబడి చూసింది లేదు. ఇక్కడ మొదటిసారి నిలబడి చూశాను.

కథ చిన్నదే. అప్పట్లో మలయా అనే ఈ దేశంలో మొదటి రైలు 1885 జూన్ 1న తైపింగ్ నుంచి పోర్ట్ వెల్డ్ రేవుకి నడిచింది. పట్టుమని పదమూడు కిలోమీటర్లు కూడా లేదు. దాని పని తగరాన్ని సముద్రం దాకా చేర్చడం. ఇపో చుట్టూ ఉన్న కింటా లోయ తగరానికి పెట్టింది పేరు. అక్కడి గనుల్నీ తైపింగ్ వైపునీ ఒకే దారితో కలపాలంటే నడుమ పెరాక్ నది అడ్డం. మలేషియా ద్వీపకల్పంలో పహాంగ్ తర్వాత అంత పొడవైన నది ఇదే. పెరాక్ ప్రభుత్వ రైల్వే ఒంటి పట్టాల మీటరుగేజి దారి వేస్తూ ఈ వంతెన కట్టింది. అప్పుడు గద్దె మీద ఉన్నది సుల్తాన్ ఇద్రిస్. లండన్‌లో సింహాసనం మీద విక్టోరియా రాణి. పేరు ఆమెది.

ఇప్పుడు రైళ్ళు పక్కనే కట్టిన కాంక్రీటు వంతెన మీదుగా పోతున్నాయి. పాతదాని మీద మనుషులూ మోటారు సైకిళ్ళూ తిరుగుతున్నారు. నీళ్ళు మట్టి రంగులో, తొందర లేకుండా, రెండు వైపులా దట్టమైన పచ్చదనం మధ్య నుంచి వస్తుంటాయి. పెళ్ళి ఫొటోలకి ఈ చోటు బాగా పేరు. మేం వెళ్ళిన పూట అలాంటి జంట ఎవరూ లేరు. నింపాదిగా చూడటానికి అదే మేలైంది.

ట్రస్సుని, అంటే వంతెన ఉక్కు చట్రాన్ని, చదవడం ఎలాగో బావగారు మంచంతో మొదలుపెట్టి చెప్పారు. పాత నులక మంచానికి కీళ్ళు వదులైతే ఏమవుతుంది? కూర్చోగానే నలుచదరం కాస్తా ఒక పక్కకి ఒరుగుతుంది. నాలుగు కర్రల్లో ఒక్కటీ విరగదు, వంగదు. అయినా ఆకారం చెడిపోతుంది. అదే ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఐమూలగా ఒక కర్ర కొట్టి చూడండి. ఇక ఒరగదు. ఎందుకంటే అప్పుడది రెండు త్రిభుజాలు. త్రిభుజం ఆకారం మారాలంటే దాని భుజాల్లో ఒకటి పొడవు మారాలి. ఉక్కు పొడవు అంత తేలిగ్గా మారదు. పట్టాలకి రెండు పక్కలా నిలబడ్డ ఈ ఉక్కు చట్రాలు రెండూ అలాంటి త్రిభుజాల వరసలే. పైన ఒక పొడుగాటి పట్టె, కింద ఒక పొడుగాటి పట్టె, రెంటినీ కలుపుతూ నిలువులూ ఐమూలలూ.

బరువు పడగానే ఈ చట్రం మొత్తం కిందికి వంగాలని చూస్తుంది. అలా వంగేటప్పుడు పై పట్టె నొక్కుకుపోతుంది, కింది పట్టె సాగాలని చూస్తుంది. లేత వెదురు బద్దని రెండు చేతులా పట్టుకుని వంచితే లోపలి వైపు ముడత, బయటి వైపు చీలిక వస్తాయే, అదే లెక్క. మధ్యలో ఉన్న ముక్కల్లో కొన్నిటికి లాగుడు, కొన్నిటికి నొక్కుడు. ఏది దేనికో తెలుసుకోవడానికి లెక్కల పుస్తకం అక్కర్లేదు. ముక్క ఒళ్ళు చూస్తే చాలు. లాగుడుకి నిలబడాల్సింది ఉట్టి చేరులాంటిది, సన్నగా బల్లపరుపు పట్టీలా ఉన్నా సరిపోతుంది. నొక్కుడుకి నిలబడాల్సింది పందిరి రాటలాంటిది. సన్నగా పొడుగ్గా ఉంటే బరువుకి విల్లులా వంగి పక్కకి జారిపోతుంది. కాబట్టి దానికి ఒళ్ళు కావాలి. అయితే ఒళ్ళంతా గట్టి ఉక్కుతో నింపితే వంతెన తన బరువు మోయడానికే సరిపోతుంది. ఆ కాలపు పనివాళ్ళు ఈ చిక్కుని విప్పిన తీరు నాకెంతో నచ్చింది. రెండు ఉక్కు పట్టెల్ని ఎడంగా నిలబెట్టి, వాటి మధ్య సన్నటి బద్దల్ని అటూ ఇటూ ఐమూలగా, జడ అల్లినట్టు రివెట్లతో కలిపేవారు. రెండు పట్టెలూ ఒకదాన్ని ఒకటి వంగనివ్వవు. లావు వస్తుంది, బరువు రాదు. లోపలంతా గాలి. పైగా రంగు వేసేవాడి చెయ్యి లోపలి మూలల దాకా వెళ్తుంది. మూసేసిన గొట్టంలో తుప్పు పడితే బయటికి తెలియదు, ఇలా అల్లిన దాంట్లో ఏదీ దాగదు.

ఇక రైలు బరువు ఏ దారిన నదిలోకి దిగుతుందో చూద్దాం. చక్రం పట్టాని నొక్కుతుంది. పట్టా స్లీపరు మీద. స్లీపరు దాని కింద పట్టాల వెంబడే సాగే పిల్లదూలాల మీద. పిల్లదూలాలు తమ బరువుని వంతెనకి అడ్డంగా ఉన్న పెద్ద దూలానికి అప్పగిస్తాయి. ఆ అడ్డదూలం రెండు చివరలూ పక్క చట్రాల కింది పట్టెకి తగులుకుంటాయి. ఎక్కడ పడితే అక్కడ కాదు, నిలువూ ఐమూలా వచ్చి కలిసే ముడి దగ్గరే. ఇందులోనే ఉంది తెలివంతా. రెండు ముడుల మధ్య పట్టె మీద బరువు వేస్తే పట్టె వంగుతుంది. ముడి మీద వేస్తే వంగే పనే లేదు, ఆ బరువు లాగుడుగా కొంత, నొక్కుడుగా కొంత విడిపోయి తమ తమ ముక్కల వెంబడి పోతుంది. ఒక్కో ముక్కకి ఒక్కటే పని. మన పెంకుటిళ్ళ కప్పులో దూలం, వాసం, పెండెబద్ద తమ తమ వంతు మోస్తూ బరువుని గోడల మీదికి దించినట్టే, ఇక్కడ చక్రం నుంచి స్తంభం దాకా బరువు చేతులు మారుతూ దిగుతుంది.

ఆ ముడి దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. నాలుగైదు వైపుల నుంచి ముక్కలు వచ్చి ఒక మందపాటి ఉక్కు పలక మీద కలుస్తాయి. పలక నిండా రివెట్లు, వరసలు తీర్చి. ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు ఉందంటే అది అందం కోసం అన్న మాట కాదు. ముగ్గు చుక్కలకి ఎడం ఎంత ముఖ్యమో దీనికీ అంతే. మరీ దగ్గరగా ఉంటే రెండు రంధ్రాల మధ్య ఉక్కు చాలక చిరుగుతుంది. మరీ దూరమైతే రేకుల మధ్య సందు తెరుచుకుని వాన నీరు చేరుతుంది. అంచుకి ఆనించి వేస్తే అంచు తెగుతుంది.

రివెట్టు వేయడం ఒక్కడి పని కాదు. చిన్న కొలిమి దగ్గర ఒకడు రివెట్టుని నారింజ రంగు వచ్చేదాకా కాలుస్తాడు. పటకారుతో తీసి అందిస్తాడు. ఇంకొకడు దాన్ని రంధ్రంలో దూర్చి, తయారైన తల వైపు బరువైన ఇనప దిమ్మ ఆనించి పట్టుకుంటాడు. అటు వైపు నుంచి సుత్తులు పడతాయి. మొన కాస్తా నలిగి రెండో తల అవుతుంది. చల్లారితే గానీ అసలు పని మొదలు కాదు. ఎర్రగా ఉన్నప్పుడు పొడుగ్గా ఉన్న రివెట్టు చల్లారే కొద్దీ పొట్టిదవుతుంది. రెండు తలలూ దగ్గరికి రావాలని చూస్తాయి, నడుమ ఉన్న రేకులు రానివ్వవు. ఆ పెనుగులాటే బిగువు. రేకులు ఒకదాని మీద ఒకటి జారకుండా పట్టి ఉంచేది చాలా మటుకు ఆ బిగువే. నా వేలి కింద జిల్లుమనని రివెట్టు నూటపాతికేళ్ళ కిందట ఒక పూట చల్లారింది. అప్పటి నుంచి ఇవాళ్టి దాకా ఆ రేకుల్ని అలాగే నొక్కి పట్టుకుని ఉంది.

"ఇప్పుడు ఇలాంటి పని ఎవరు చేస్తున్నారు, అంతా వెల్డింగే" అన్నారు బావగారు. అందులో చింత కంటే లెక్కే ఎక్కువ వినిపించింది. వెల్డింగులో పగులు మొదలైతే ఒక రేకు నుంచి ఇంకో రేకుకి పాకగలదని, రివెట్ల పనిలో ఆ పగులు ఒక రేకు చివర ఆగిపోతుందని ఆయనే చెప్పారు. పక్క రేకు వేరే ముక్క కదా.

అప్పటి మలయాలో ఉక్కు కొలుములు లేవు. ఇంత ఉక్కూ సముద్రం దాటి రావలసిందే. ఆ రోజుల్లో పెద్ద గర్డర్లని తయారుచేసిన చోటే ఒకసారి పూర్తిగా నిలబెట్టి, రంధ్రాలన్నీ ఒకదానికొకటి సరిపోయాయో లేదో చూసి, ప్రతి ముక్క మీదా గుర్తు కొట్టి, విప్పి ఓడకెక్కించడం రివాజు. నది ఒడ్డున దింపాక ఫలానా గుర్తు ఉన్న ముక్క ఫలానా చోటికే పోవాలి. ఒక్క ముక్క పొరపాటున తారుమారైనా, రంధ్రం అర అంగుళం తప్పినా, వారాల తరబడి ఓడ ప్రయాణం అవతల ఉన్న కర్మాగారానికి ఉత్తరం రాసి కూర్చోవాలి. అందుకే ఆ కాలపు కొలతల్లో అంత జాగ్రత్త.

ఉక్కు కింద ఇటుక స్తంభాలు. కిందికి దిగి చూస్తే పైన ఉన్న పనికీ కింద ఉన్న పనికీ స్వభావంలోనే తేడా తెలుస్తుంది. పైన అంతా గాలి ఆడే అల్లిక, కింద అంతా నిండు బరువు. ఇటుక నొక్కుడుకి గట్టిది, లాగుడుకి ఎందుకూ పనికిరాదు. స్తంభానికి నొక్కుడే తప్ప లాగుడు రాకుండా చూడటంలోనే ఉంది దాని కట్టుబడి. స్తంభం బరువు ఎంత ఎక్కువైతే వరద తోపుకి అంత తక్కువ చలిస్తుంది.

నదిలో స్తంభానికి అసలు శత్రువు తోసే నీరు కాదు, తవ్వే నీరు. స్తంభానికి తగిలిన ప్రవాహం సుడి తిరిగి మొదట్లో ఇసుకని తోడేస్తుంది. సముద్రపు ఒడ్డున అల వెనక్కి పోతున్నప్పుడు మన పాదం కింద ఇసుక జారిపోయినట్టు. గోదావరిలో ఇసుక మరీ లోతు కాబట్టి హేవ్‌లాక్ వంతెన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్, కాశీ దగ్గర గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన అనుభవంతో, బావి పునాదుల మీద స్తంభాలు నిలిపాడు. ఊళ్ళో వరల బావి దింపడం చూసిన వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ముందు పదునైన అంచున్న వలయం ఇసుకలో పెడతారు. దాని మీద గుండ్రంగా గోడ కడతారు. లోపలి ఇసుక తోడుతుంటే గోడ తన బరువుకి తనే దిగుతుంది. దిగిన కొద్దీ పైన కడుతూ పోతారు. వరద తవ్వగలిగే లోతు దాటి గట్టి నేల చేరాక లోపల నింపేస్తారు. నీళ్ళ కోసం మన పల్లెల్లో దింపిన బావే గోదావరిలో రైలు బరువు మోసింది.

రెండు వంతెనలకీ మధ్య పొడవులో పోలిక లేదు. హేవ్‌లాక్ వంతెనకి 45.72 మీటర్ల ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు, 56. పెరాక్ నది అంత వెడల్పు కాదు. కరై వంతెనని తాపీగా నడిచి దాటవచ్చు. పట్టాలు కూడా మీటరుగేజి. బ్రాడ్‌గేజి గోదావరి వంతెన లోపలి నుంచి వెళ్ళిన నా కంటికి ఇది ఇరుకుగా, అందుకే మరింత దగ్గరగా తోచింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉక్కు. అయినా నా మటుకు ఈ రెంటి గొప్పతనమూ బలం కంటే ఎక్కువగా ఖానాకీ ఖానాకీ మధ్య వదిలిన సందులోనే ఉంది.

ఆ సందు దగ్గర బావగారు ఆగారు. ఒక గర్డరు అక్కడ అయిపోతుంది, వేళ్ళు పట్టేంత ఎడం వదిలి రెండోది మొదలవుతుంది. రెండూ ఒకే స్తంభం మీద కూర్చుని ఉంటాయి కానీ ఒకదానికొకటి తగలవు. మొదటిసారి చూసేవాళ్ళకి ఇది పూర్తికాని పనిలా అనిపించవచ్చు. కానీ ఉక్కు ఎండకి సాగుతుంది. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు పన్నెండు వంతులు. వినడానికి ఏమీ కాదు. గోదావరి ఖానా ఒకటి తీసుకుని లెక్క వేయండి. తెల్లవారుజాముకీ మిట్టమధ్యాహ్నానికీ ఉక్కు వేడిలో 20 డిగ్రీలు తేడా ఉంటే ఒక్క గర్డరు 11 మిల్లీమీటర్లు సాగుతుంది. 56 ఖానాలూ కలిపితే సుమారు రెండు అడుగులు. రోజూ పొద్దున్న పొట్టిగా ఉండి మధ్యాహ్నానికి రెండు అడుగులు పెరిగే వంతెన అది. ఆ పెరుగుదలకి చోటివ్వకపోతే ఉక్కు ఊరుకోదు. స్తంభాన్ని తోస్తుంది, లేదా తానే పక్కకి వంగుతుంది.

అందుకే గర్డరుని ఒక చివర స్తంభానికి కదలకుండా బిగిస్తారు. రెండో చివరని జారడానికి వీలైన పలక మీదో, ఉక్కు రోలర్ల మీదో కూర్చోబెడతారు. ఒక కాలు పాతుకుని ఇంకో కాలు చాపుకున్న మనిషిలా ఉంటుంది ప్రతి గర్డరూ. రైలు వచ్చినా ఇంతే. బరువు పడి గర్డరు వెంట్రుకవాసి వంగినప్పుడు దాని కింది పట్టె సాగుతుంది, జారే చివర కాస్త ముందుకి కదులుతుంది, రైలు పోయాక వెనక్కి వస్తుంది. ఇంకో ముచ్చట. పెద్ద ట్రస్సులని మొదటే నడుమ కొంచెం పైకి ఉబ్బేలా కడతారు. బరువు ఎక్కినప్పుడు కుంగి తిన్నగా అవ్వాలని. ఖాళీగా ఉన్నప్పుడు వంకర, పని చేస్తున్నప్పుడు తిన్నన. కదలకుండా ఉండే వస్తువుని కట్టాలనుకున్న వాళ్ళు కారు వీళ్ళు. వేడికీ బరువుకీ నీటికీ ఏది ఎంత కదులుతుందో ముందే లెక్కగట్టి, అంత మేరకి చోటు వదిలి, ఆ పైన ఒక్క వెంట్రుకవాసి కూడా కదలనివ్వని వాళ్ళు.

బావగారు ఆ సందులోకి వంగి చూసి, లోపల చేరిన ఎండుటాకుల్నీ మట్టినీ పుల్లతో బయటికి లాగారు. ఎవరూ చెప్పని పని. "ఇది పేరుకుంటే తడి నిలుస్తుంది, తుప్పు పడుతుంది. జారాల్సింది జారదు" అన్నారు. అక్కడే ఉన్న ఒక మలాయ్ పెద్దాయన మమ్మల్ని చూసి నవ్వి, తన పక్కనున్న సందులోది కాలితో తోశాడు.

వంతెన పక్కగా మోటారు సైకిళ్ళ కోసం ఉన్న బాట సన్నగా ఉంటుంది. ఎదురుగా బండి వస్తే మనం కమ్మీకి ఒత్తిగిల్లాలి. బడి పిల్లలూ, మార్కెట్ సంచులు తగిలించుకున్న ఆడవాళ్ళూ, గాలం కర్రలు భుజాన వేసుకున్న వాళ్ళూ అలా దాటుతుంటారు. ఈ పెరాక్ రాష్ట్రంలోనే దిగువన, సముద్రం వైపున, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడ ఎక్కి వచ్చిన తెలుగువాళ్ళ మనవలూ మునిమనవలూ ఉన్నారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకుని భాషని నిలుపుకున్నవాళ్ళు. గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన నాకు ఈ ఒడ్డు కొత్తగా అనిపించకపోవడానికి వాళ్ళు కూడా ఒక కారణం.

సాయంత్రం నాలుగున్నరకి కొత్త వంతెన మీద రైలు వెళ్ళింది. నేను అరచెయ్యి పాత ట్రస్సు నిలువుకి ఆనించి ఉంచాను. మోత చెవికి వినిపించింది, చేతికి ఏమీ అందలేదు. ఆ బరువు ఇప్పుడు దీనిది కాదు. చెయ్యి తీయబోతుండగా అవతలి ఒడ్డు నుంచి చిన్న బండి మీద ఒకాయన వచ్చాడు, వెనక కూతురు, ఇద్దరి మధ్యా అరటి గెల. మా పక్క నుంచి దాటుతున్నప్పుడు తల ఊపాడు. అప్పుడు అరచేతికి తెలిసింది, ఉక్కులో చాలా సన్నగా, బండి ముడి దాటేదాకా.